బస్తాకు అర్ధణా ధర్మం

బాగా డబ్బున్నవాడి రాబడిలో సర్కారు ఎంతవరకు తీసుకోవచ్చు? ఈ ప్రశ్న మీద మీరు కాలేజీల్లో పందేలు వేసుకుని వాదించుకుంటున్నారని విన్నాను. మంచిదే. నేను మాత్రం ఆ వాదన మొదటిసారి విన్నది సభలో కాదు, నరసరావుపేటలో ఒక పత్తి మిల్లు ఇంజను గదిలో. యుద్ధం నడుస్తున్న రోజులు. ఆ మిల్లులో నేను లెక్కల గుమాస్తాని.

నా చదువు వీధి బడితో ఆగిపోయింది. ఎక్కాలు, భిన్నాలు అక్కడ వచ్చాయి. మిగతాదంతా కాటా దగ్గర తూకాలు రాస్తూ, పాత చిట్టాలు తిరగేస్తూ నాకు నేనే నేర్చుకున్నాను. ఇంగ్లీషు అంకెలు, ఆ తర్వాత జమాఖర్చులు, చివరికి ఇన్‌కంటాక్సు ఫారాలు. నేర్పేవాడు లేని మనిషికి తన లెక్క మీద తనకే నమ్మకం ఉండదు, అందుకని ప్రతిదీ రెండుసార్లు చేస్తాడు. ఈ అలవాటు వల్ల నాకు ఉద్యోగం దొరికింది. స్నేహితులు కొంచెం తగ్గారు.

మా షావుకారు గారు చెడ్డవాడు కాదు. కాటాలో మోసం చేయనిచ్చేవాడు కాదు, జీతం ఆలస్యం చేసేవాడు కాదు. అయితే పన్ను మాట వచ్చిందంటే ఆయన వేరే మనిషి. మామూలు ఇన్‌కంటాక్సు, దాని మీద సూపర్‌టాక్సు ఎప్పటినుంచో ఉన్నాయి. యుద్ధం వచ్చాక అధిక లాభాల పన్ను అని మరొకటి వేశారు. యుద్ధానికి ముందు వచ్చిన లాభం కంటే ఇప్పుడు ఎంత ఎక్కువ వస్తే, ఆ ఎక్కువలో మూడింట రెండొంతులు సర్కారుకు కట్టాలి. మిగిలినదాని మీద పాత పన్నులు ఎటూ ఉన్నాయి. కాగితం మీద ఆ లెక్క వేసి చూపించిన రోజు షావుకారు గారు దాన్ని తిరిగి నా ముందుకు తోసి, మళ్ళీ వేయమన్నాడు. మళ్ళీ వేశాను. అంతే వచ్చింది.

మధ్యాహ్నం భోజనాల వేళ ఇంజను ఆపేవారు. ఆ సమయంలో షావుకారు గారు ఇంజను గదిలోకి వచ్చి, ఆయిలు ఎంత ఖర్చయిందో చూసుకుని, అక్కడే బల్ల మీద కూర్చునేవాడు. ఇంజను మేస్త్రీ ఒక సాయిబు. ఆ మిల్లు పెట్టిన నాటినుంచి ఉన్న మనిషి, దేనికీ జంకేవాడు కాదు. వాదన ఈ ఇద్దరికీ.

రేపు గోడౌనులో దూది అంటుకుంటే సర్కారు వచ్చి నష్టంలో రెండొంతులు పంచుకుంటుందా అని షావుకారు గారు అడిగేవాడు. పంచుకోదు, అది అన్యాయమేనని మేస్త్రీ ఒప్పుకునేవాడు. ఒప్పుకుని, దూది పీచుతో చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా మొదలుపెట్టేవాడు.

"ఇంజను అదే, నేనూ అదే, లోపల రోలర్లు అవే. యుద్ధం రాకముందుకీ ఇప్పటికీ మీరు కొత్తగా చేసిందేంది షావుకారు గారూ? ఆ పెరిగింది యుద్ధం తెచ్చి పెట్టిందే గదా. తెచ్చినోడు అడుగుతున్నాడు."

"అడిగి ఏం చేస్తాడు? మద్రాసుకో ఢిల్లీకో పట్టుకుపోతాడు. నాకాడుంటే ఊళ్ళోనే ఉంటది. బండ్ల సావిడి కట్టించింది సర్కారా, నేనా? ఎండాకాలం చలివేంద్రం పెట్టించేదెవరు?"

"మీరే. కాదనను. మీకు బుద్ధి పుట్టినప్పుడు పెట్టిస్తారు. రైతుని చూడండి, పంట పండినా పండకపోయినా శిస్తు కడతాడు. మీరు లాభం వస్తేనే గదా కట్టేది."

చివరికి ఇద్దరూ నావైపు తిరిగి, లెక్కలవాడివి నువ్వు చెప్పమనేవారు. నేను ఏ పక్షమూ చెప్పేవాణ్ణి కాదు. జీతం ఇచ్చేది ఒకరు, ఆ జీతం రావడానికి ఇంజను నడిపేది ఇంకొకరు. అదీగాక ఇద్దరూ చెప్పేది నిజంగానే నాకు సమంజసంగా తోచేది. ఇప్పటికీ కొంతవరకు అంతే.

ఆ రోజుల్లో ధర్మం అని ఒక కోత ఉండేది, దాని సంగతి ఇప్పటివాళ్ళకు విడమరిచి చెప్పాలి. రైతు పత్తి తెచ్చి అమ్మినప్పుడు మేము ఇచ్చే పట్టీలో కొన్ని కోతలు ఉండేవి. కాటా కూలి, హమాలీ, కమీషను. అన్నిటికంటే కింద, బస్తాకు అర్ధణా చొప్పున ధర్మం. ఎవరు పెట్టారో తెలియదు, ఎప్పటినుంచో ఉంది. ఆ డబ్బుతో ఏదో ఒక మంచి పని చేయాలి. డబ్బు షావుకారు దగ్గరే ఉంటుంది. ఏ పని చేయాలో, ఎప్పుడు చేయాలో ఆయన ఇష్టం. రైతు అడగడు. అడగడం మర్యాద కాదనుకుంటాడు. మా చిట్టాల్లో ధర్మం ఖాతా దాపరికం లేకుండా వేరే పద్దుగానే ఉండేది. కాని పత్తి కొనే రోజుల్లో డబ్బు కొరత వస్తే షావుకారు గారు అందులోంచి వాడుకుని, సీజను అయిపోయాక తిరిగి వేసేవాడు. పత్తి తెచ్చిన రైతులు బండ్లు, ఎడ్లు నిలుపుకునే బండ్ల సావిడి ఆ ధర్మం డబ్బుతో కట్టిందే. సావిడి గుమ్మం పైన పెట్టిన నాపరాయి మీద మాత్రం ఉన్నది షావుకారు గారి పేరు. ఎవరూ తప్పు పట్టలేదు. అలా చెక్కించుకోవడం ఆ ప్రాంతంలో అందరూ చేసే పనే.

మూడు నాలుగేళ్ళుగా పెద్ద ఖర్చేదీ పెట్టకపోవడంతో ఖాతా బాగా పెరిగింది. అప్పుడు వచ్చింది నర్సమ్మ.

ఆమె మా ఊరి ఆసుపత్రిలో నర్సు, అందుకే అందరికీ నర్సమ్మ. ఎడ్లపాడు వైపు క్రైస్తవుల అమ్మాయి, ముప్పయ్యేళ్ళుంటాయి. ఆసుపత్రిలో కాన్పులకు వేరే గది లేదు. ఈపూరు, వినుకొండ వైపు పల్లెల్లో కాన్పు కష్టమైతే ఆడవాళ్ళను బండిలో వేసుకుని వచ్చేవారు. వాళ్ళను వసారాలో పడుకోబెట్టి చుట్టూ గోనెపట్టాలు కట్టేవారు. పక్కనే మలేరియా వాళ్ళు, దెబ్బలు తగిలినవాళ్ళు. ఒకరోజు ఆమె నేరుగా మిల్లుకు వచ్చి షావుకారు గారి ఎదుట నిలబడి, మీ సావిడిలో ఎడ్లకున్న చాటు నా ఆసుపత్రిలో ఆడవాళ్ళకు లేదంది. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ధర్మం ఖాతాలోంచి రెండు గదుల కాన్పుల వార్డు కట్టిద్దామన్నాడు.

కట్టడం మొదలైంది. సిమెంటు, ఇనుము దొరికే రోజులు కావు. పిడుగురాళ్ళ సున్నం, మాచర్ల వైపు నాపరాళ్ళు, తాడి దూలాలు. గోడలు గుమ్మాల పైదాకా లేచాయి. ఇక దూలాలు ఎత్తి రాళ్ళు పరచడమే మిగిలింది. సరిగ్గా అప్పుడు మా లెక్కలు చూసిన ఇన్‌కంటాక్సు ఆఫీసరు నుంచి నోటీసు వచ్చింది. ధర్మం ఖాతాలో ఉన్నదంతా షావుకారు రాబడే, దాన్ని లాభంలో ఎందుకు కలపకూడదో చెప్పండి అని.

కలిపితే ఏమవుతుందో వేసి చూశాను. అప్పటికే షావుకారు గారి లాభం పన్నుల పైమెట్టు మీద ఉంది కాబట్టి ఈ మొత్తమూ ఆ మెట్టు మీదే పడుతుంది. ధర్మంలో ఎక్కువ భాగం పన్నుకే పోతుంది, మిగిలేది దూలాలకు కూడా చాలదు. కొరత పడేది మీరు చేతినుంచి వేయండి అని షావుకారు గారికి చెప్పి చూశాను. వేయనన్నాడు. ధర్మం మీద పన్ను పడితే ధర్మమే కట్టుకోవాలి, నాకు పడిన పన్ను నాకు చాలు అన్నాడు. ఆ మాటలో లెక్క తప్పు లేదు. ఆయన మనసు మార్చడం నావల్ల కాలేదు.

పని ఆగిపోయింది. నానబెట్టిన సున్నం గోతిలో ఎండిపోతోంది. నర్సమ్మ రోజూ డ్యూటీ దిగాక మిల్లు గుమ్మంలోకి వచ్చి ఏమైందని అడిగేది. వాన పడితే కప్పు లేని గోడల్లోకి నీళ్ళు దిగి పగుళ్ళిస్తాయని, సగం మళ్ళీ పడగొట్టి కట్టాలని తాపీ మేస్త్రీ ఆమెతో చెప్పాడట. అది మే నెల.

"అన్నా, ఆ పన్ను ఆఫీసరుకి భార్య ఉందా?" అని అడిగింది ఒకరోజు.

తెలియదన్నాను.

"ఉంటే ఆమెకి జాబు రాద్దామని."

షావుకారు గారు గుంటూరు నుంచి ఒక వకీలును పెట్టుకున్నాడు. వకీలు చెప్పింది ఇది: ధర్మం రైతులిచ్చిన డబ్బనీ, షావుకారు దాన్ని కేవలం దాచి ఉంచాడనీ రుజువు కావాలి. రైతులే వచ్చి ఆఫీసరు ముందు చెబితే మంచిది. రైతులను తీసుకువచ్చే పని నాకు పడింది.

ఈపూరు దగ్గరి పల్లెకు వెళ్ళాను. అక్కడ మాకు ఏళ్ళ తరబడి పత్తి తోలే పెద్ద రైతు ఒకాయన ఉన్నాడు. చదువు లేదు, మాట మీద నిలబడే మనిషి. ఇంటి ముందు మంచం వేసి, మజ్జిగ ఇచ్చి, నేను చెప్పిందంతా విన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి చాలు, బస్తాకు అర్ధణా ఎందుకిచ్చారో చెప్పండి అని రెండుసార్లు అన్నాను. ఆయన తల ఊపాడు. నేను చెప్పింది ఒకటి, ఆయనకు అర్థమైంది ఇంకొకటి అని తర్వాత గాని తెలియలేదు. ఆయనకు వినిపించినదల్లా షావుకారు చిక్కుల్లో పడ్డాడని, మాటసాయం చేయాలని. మరో ఇద్దరు రైతులను వెంటబెట్టుకుని, ఉతికిన పంచెలు కట్టుకుని, బొగ్గు గ్యాసుతో నడిచే బస్సులో నాతో వచ్చారు. ఎత్తు వచ్చిన ప్రతిచోటా దిగి తోశాం. తోస్తూ కూడా ఆయన షావుకారు ఆరోగ్యం గురించి అడుగుతూనే ఉన్నాడు.

ఆఫీసరు ముసాఫరు బంగళాలో మకాం పెట్టాడు. వసారాకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లుతున్నారు. అరవదేశం మనిషి, తెలుగు నిదానంగా, తప్పులు లేకుండా మాట్లాడేవాడు. కోపిష్టి కాదు. ఆయన ముందు షావుకారు గారు, వకీలు కూర్చున్నారు. నేను పట్టీల కట్టతో పక్కన నిలబడ్డాను. వసారా చివర, నౌకర్ల పక్కన, నర్సమ్మ తెల్ల చీరతో వచ్చి నిలబడింది. ఆమెను ఎవరూ పిలవలేదు, పొమ్మని కూడా ఎవరూ అనలేదు.

వకీలు చెప్పవలసింది ఇంగ్లీషులో చెప్పాడు. ఆఫీసరు విని, పెద్ద రైతును ముందుకు పిలిచి, ఒక పట్టీ చూపించి, ఇందులో అర్ధణా కోసుకున్నారు కదా, అది ఎవరికిచ్చావని అడిగాడు.

"ధర్మానికండి" అన్నాడు పెద్దాయన.

వకీలు ముఖం వికసించింది. ఆఫీసరు రాసుకుని, మరి ఆ డబ్బు ఎవరిదని అడిగాడు.

పెద్దాయన ఆ మాటకు షావుకారు గారి వైపు చూశాడు. ఎదురుగా కూర్చున్న మనిషిని పట్టుకుని ఇది నీది కాదు, మాది అనడం ఆయన పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఎప్పుడూ చేయలేదు. అది నాకు ఆ క్షణంలో ఆయన ముఖం చూస్తే తెలిసిపోయింది.

"ఆయన చేతికిచ్చాక ఆయనదే గదండీ. ఆయనేం తింటాడా? బంగారం లాంటి మనిషి. మాకు బండ్ల సావిడి కట్టించాడు, మా ఎడ్లకు నీళ్ళ తొట్టి కట్టించాడు. అంతా ఆయన దయ."

ఆఫీసరు ప్రతి మాటా రాసుకుంటున్నాడు. రెండో రైతు తానేం తీసిపోయానన్నట్టు ముందుకు వచ్చి, మాకు తండ్రి లాంటివాడండి అన్నాడు. మూడో ఆయన ఇంకొక మెట్టు ఎక్కి, ఇలాంటి దాత ఈ చుట్టుపక్కల లేడు, పెట్టే చెయ్యి అండి అది అన్నాడు. వాళ్ళు మెచ్చుకున్నకొద్దీ వార్డు కప్పు దూరమవుతోంది. వకీలు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

సావిడి మీద ఎవరి పేరు ఉందని ఆఫీసరు అడిగాడు. ఆయన వచ్చే దారిలోనే సావిడి ఉంది, చూసే ఉంటాడు.

"ఆయన పేరేనండి. ఆయన కట్టిస్తే మా పేరుంటదా?" అని పెద్దాయన నవ్వాడు.

ఆఫీసరు కలం కింద పెట్టాడు. షావుకారు గారి వైపు తిరిగి, డబ్బు మీ చేతిలో ఉంది, మీ వ్యాపారంలో తిరిగింది, మీకు తోచినప్పుడు తోచిన పనికి పెట్టారు, కట్టినదానికి మీ పేరు పెట్టుకున్నారు, ఇచ్చినవాళ్ళే అది మీదంటున్నారు, ఇక నేను ఏం రాయను అని మర్యాదగానే అడిగాడు.

అప్పుడు వెనకనుంచి నర్సమ్మ, గట్టిగా కాదు గాని అందరికీ వినబడేట్టు అంది:

"షావుకారు గారూ, మీరు మంచోళ్ళని ఇంకొకళ్ళు చెబితే నా గోడలు వానకి కూలిపోతయి."

షావుకారు గారు తల తిప్పి ఆమె వైపు చూశాడు. ఆ తర్వాత ముగ్గురు రైతుల వైపు చూశాడు. ఆయన్ను అలా పొగిడే మాటలు నేను పదేళ్ళుగా వింటున్నాను. ప్రతిసారీ చెయ్యి అడ్డంగా ఊపుతూ, లోపల సంతోషిస్తూ వినేవాడు. ఆ రోజు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. లేచి నిలబడ్డాడు. వకీలు ఏదో అనబోతే చేత్తో ఆపాడు.

"వాళ్ళు మర్యాదకు చెబుతున్నారండీ. ఆ సావిడికి నేను పెట్టింది ఒక్క కానీ లేదు. నీళ్ళ తొట్టీ అంతే, చలివేంద్రమూ అంతే. అంతా వీళ్ళ అర్ధణాలే. ఆ రాయి మీద నా పేరు చెక్కిన కూలి కూడా వీళ్ళ డబ్బే."

"ఇది రాసుకోమంటారా?" అని అడిగాడు ఆఫీసరు.

"రాసుకోండి."

పెద్ద రైతు ఊరుకోలేదు. చేతులు జోడించి, ఆయన పెద్దమనసుతో అట్టా అంటున్నాడండీ, నమ్మొద్దు అన్నాడు.

"ఊరుకో మామా. నన్ను పొగిడి చంపమాక" అన్నాడు షావుకారు గారు.

ఆఫీసరుకు నవ్వు వచ్చింది. నవ్వు ఆపుకుని అడిగినవి రెండే. ఇకమీదట ఈ డబ్బు వ్యాపారంలో తిప్పకుండా బ్యాంకులో వేరే ఖాతాలో వేయాలి. ఖర్చు పెట్టడానికి ఒక కమిటీ ఉండాలి, అందులో రైతులుండాలి. ఇది ధర్మానికని పుచ్చుకున్నదే తప్ప తన సొంతం కాదని రాసిస్తే ఆలోచిస్తానన్నాడు. షావుకారు గారు అక్కడే సంతకం పెట్టాడు. మిగతా లాభం మీద పన్ను మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గదని ఆఫీసరు గుర్తు చేశాడు. తగ్గించమని నేను అడగలేదు గదండీ అన్నాడు ఈయన. ఆ మాట ఆయన నోట వింటానని నేను అనుకోలేదు.

మిల్లుకు తిరిగి వచ్చాక ఇంజను మేస్త్రీ అంతా చెప్పించుకుని విన్నాడు. దూది పీచుతో చేతులు తుడుచుకున్నాడు. ఆఖరికి, సర్కారు పన్ను తీసుకుని తనకు తోచినట్టు ఖర్చు పెడుతుందని కదా మీ బాధ, బస్తాకు అర్ధణా వేసి మీరు చేసిందీ అదే గదా అన్నాడు. నేను అటు తిరిగి చిట్టాలు సర్దుకోసాగాను. షావుకారు గారు మాత్రం బల్ల మీద కాళ్ళు పైకి పెట్టుకుని హాయిగా నవ్వాడు.

"కాదు సాయిబూ. సర్కారు కనీసం పొగిడించుకోదు."

ఆయన ఆ రోజు అంత తేలికగా ఉండడం నాకు వింతగా తోచింది. పోగొట్టుకున్నది చిన్నది కాదు, చుట్టుపక్కల పల్లెల్లో దాత అన్న పేరు. తర్వాత ఎప్పుడో ఆయనే చెప్పాడు. ఆ సావిడి ముందునుంచి పోతున్నప్పుడల్లా ఎవరైనా లెక్క అడుగుతారేమోనని లోపల గుబులుగా ఉండేదట. ఎవరూ అడగలేదు. అడగకపోవడం వల్ల గుబులు పోలేదట.

ఆర్డరు రావడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ వారాల్లో నర్సమ్మ ఆకాశం వైపు చూసి నా వైపు చూసేది. నేను పోస్టుమాన్ వైపు చూసేవాణ్ణి. పడమట రెండుసార్లు మబ్బు పట్టి, ఉరిమి, మా ఊరు దాటి ఎటో పోయింది. మామూలుగా పల్నాటి వాన మోసం చేస్తే తిట్టుకుంటాం, ఆ ఏడు మాత్రం ఇంకొంచెం మోసం చేయమని నేను లోపల కోరుకున్నాను. చివరికి కాగితం వచ్చింది. ధర్మం ఖాతా షావుకారు రాబడి కాదు, లాభంలో కలపడం లేదు. ఇంగ్లీషులో ఉన్న ఆ రెండు వాక్యాలను నేను మొదట చదివి, తర్వాత వేలు పెట్టుకుని మళ్ళీ చదివాను. గుండెల మీదనుంచి పత్తి బస్తా దింపినట్టయింది. నర్సమ్మకు చెప్పడానికి నేనే ఆసుపత్రికి నడిచాను. ఆమె ఎవరికో కట్టు కడుతోంది. విని, కట్టు పూర్తి చేసి, ముడి వేసి, అప్పుడు మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకుంది. దూలాలు రేపే ఎత్తిస్తావా, ఎల్లుండా అని అడిగింది.

ఆ ఏటి పన్నంతా షావుకారు గారు కట్టాడు. గొణుక్కుంటూనే కట్టాడు. అది మారలేదు. మారిందల్లా వాదనలో ఒక ముక్క. నాకాడుంటే ఊళ్ళోనే ఉంటది అనే మాట ఆయన మళ్ళీ అనలేదు.

మాచర్ల నుంచి రాళ్ళు పరిచే మేస్త్రీ వచ్చాడు. పని పూర్తయిన సాయంత్రం నేను టేపు పట్టుకుని వార్డు దగ్గరికి వెళ్ళాను. అడుగుల లెక్కన కూలి, కొలిచి ఇవ్వాలి. గుమ్మానికి అడ్డంగా నర్సమ్మ నిలబడి ఉంది. సున్నం ఇంకా తడి ఆరలేదు, అప్పుడే లోపల ఒక కాన్పు మనిషిని పడుకోబెట్టింది. బండి రావడం, వసారాలో చోటు లేకపోవడం, నొప్పులు ఆగకపోవడం అన్నీ ఒక్కసారే జరిగాయట.

కొలవాలమ్మా అన్నాను.

"కొలుచుకో. బయటనుంచి కొలుచుకో" అంది.

రాళ్ళ మేస్త్రీకి అటు రైలు టైమవుతోంది. లోపలనుంచి ఆ తల్లి మూలుగులు వినిపిస్తున్నాయి. ఇన్ని అడుగులయిందని అతను చెప్పిన అంకె మీద డబ్బు ఇచ్చేశాను. నా ఉద్యోగంలో కొలవకుండా కూలి చెల్లించింది అదొక్కసారే. వెలుతురుండగానే ఆడపిల్ల పుట్టింది. ఏడుపు రోడ్డు మీదికి వినబడింది. నేను టేపు చుట్టుకుని ఇంటికి వచ్చాను.

ఆ పక్క వారమే ధర్మం కమిటీ మొదటిసారి కూర్చుంది. షావుకారు గారు, నర్సమ్మ, ముగ్గురు రైతులు. ఖర్చులు చదవడం నా పని. సున్నం, దూలాలు, రాళ్ళు, బండి కిరాయి చదువుకుంటూ పోయాను. రాళ్ళ కూలి దగ్గర ఈపూరు పెద్దాయన చెయ్యెత్తాడు.

"ఎన్నడుగులు?"

చెప్పాను.

"కొలిచావా?"

కొలవలేదని, ఎందుకు కొలవలేదో చెప్పాను. సాధారణంగా అయితే ఆయన, పోనీలేవయ్యా నువ్వు ఇచ్చావంటే సరిగానే ఉంటది అనాలి. అనలేదు.

"అదేందయ్యా, కొలవకుండా ఎట్టా ఇచ్చావు? అది మా డబ్బని షావుకారే చెప్పాడు గదా. మాదైతే మేం అడగొద్దా?"

నాకు కోపం రావాలి. పదేళ్ళు ఆ ఖాతా పైసా తేడా లేకుండా రాసినవాణ్ణి. కాని ఆ పదేళ్ళలో దాని గురించి నన్ను ఒక్క మనిషి ఒక్క ప్రశ్న అడగలేదు. నేను అన్నీ రెండుసార్లు చేసింది ఎవరి కోసమో నాకే తెలిసేది కాదు. ఆయన అలా నిలదీస్తుంటే, ఎందుకో చాలా తేలికగా అనిపించింది. షావుకారు గారి వైపు చూశాను. ఆయన మీసాల్లో నవ్వుకుంటూ గోడ వైపు తిరిగాడు.

అందరం లేచి వార్డుకు వెళ్ళాం. చెప్పులు బయట విడవమని, గట్టిగా మాట్లాడవద్దని నర్సమ్మ హుకుం. టేపు ఒక కొస పెద్దాయన పట్టుకున్నాడు, రెండో కొస నేను. మంచాల మధ్య మునివేళ్ళ మీద నడుస్తూ రెండు గదులూ కొలిచాం. లెక్క వేస్తే మేస్త్రీ చెప్పినదానికంటే కొన్ని అడుగులు ఎక్కువే వచ్చింది. తొందరలో అతను తనకే తక్కువ చెప్పుకున్నాడు. పెద్దాయన అనుమానంగా చూస్తే మళ్ళీ వేసి చూపించాను.

"అయితే ఆయనకి బాకీ ఉన్నాం" అన్నాడు.

మిగిలిన కూలి మాచర్లకు మనియార్డరు చేశాను. తర్వాతి కమిటీకి ఆ రసీదు పట్టుకెళ్ళి పెద్దాయన చేతిలో పెట్టాను. ఆయనకు చదువు రాదు. అయినా దాన్ని వెలుతురుకు పెట్టి, అటూ ఇటూ తిప్పి, పోస్టాఫీసు ముద్ర మీద బొటనవేలు రాసి చూసి, "ఇప్పుడు సరే" అని నాకు తిరిగి ఇచ్చాడు.